ఫొటో కింద చీటీ

"ఆ చీటీ మీరు పీకుతారా, నన్ను పీకమంటారా?" అంది నర్సు.

మ్యూజియం ముసలి అధికారి తలెత్తలేదు. ఒకప్పుడు తెల్లదొరల కోర్టుగా నడిచిన ఆ మేడలో ఆమె గొంతు పైకప్పు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. గోడమీది ఫొటోలో, ఇవే మెట్ల మీద నిలబడి ఉన్నాడు ఆమె ముత్తాత. కింద పేరు, దాని కింద చిన్న అక్షరాలు: 'ధాన్యపు కొట్టు దొంగ. పట్టుబడిన రోజు.'

"మొన్న బడివాళ్ళు పిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చారు. మా అమ్మాయి, పిచ్చితల్లి, పేరొక్కటే చదివి, ఆయన మా తాతల్లో ఒకరని అందరికీ చెప్పుకుంది. ఇప్పుడు ఎవరి పెన్సిలు పోయినా దాని సంచే వెతుకుతున్నారు. బడికి పోనని ఒకటే ఏడుపు."

"పిల్లలు కదమ్మా, నాలుగు రోజుల్లో మర్చిపోతారు."

"నేను మర్చిపోను. ఆయన దొంగ అనడానికి కాగితం ఉంటే చూపించండి. లేదంటే రేపు పేపరువాళ్ళని వెంటబెట్టుకొస్తాను."

ఆ మాటకి ముసలాయన తలెత్తాడు. వాచ్‌మన్‌ని పిలిచి, "అందర్నీ పంపించేసి తలుపులు వెయ్యి" అన్నాడు.

"ఇంకా నాలుగేగా అయింది సార్?"

"వెయ్యమన్నానా!"

కిటికీ రెక్కలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. హాల్లో వెలుగు తగ్గిపోయింది. వెంట వచ్చిన నర్సు తమ్ముడు అక్క మోచెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, ఈయన వాలకం నాకేం బాగోలేదు. పోదాం పద."

"నువ్వు పో. లారీ తోలే మగాడివి, ముసలాయన్ని చూసి వణుకు."

అధికారి తాళాలగుత్తి తీసుకుని మెట్లెక్కాడు. మెట్ల పక్కన, దొరల మీద తిరగబడి ఈ మేడలోనే ఉరిశిక్ష పడ్డ పదకొండుమంది బొమ్మలు. ఊళ్ళో ఏ వీధికి చూసినా వాళ్ళ పేర్లే. నర్సు అలవాటుగా చేతులు జోడించింది. అది చూసి ముసలాయన ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాడు.

పై గదికి ఇనుప తలుపు. ఇద్దరూ లోపలికి రాగానే గడియ పెట్టాడు.

"గడియెందుకు?" అన్నాడు తమ్ముడు.

"ఇక్కడి మాట గడప దాటకూడదు బాబూ." తర్వాత నర్సు వైపు తిరిగాడు. "ఇంకోసారి ఆలోచించుకో తల్లీ. ఆ చీటీని అలాగే వదిలేస్తే నీకే మంచిది."

"బెదిరిస్తున్నారా?"

"బతిమాలుతున్నాను."

"చూపించండి."

బీరువాలోంచి గుడ్డ చుట్టిన కట్ట తీశాడు. దాన్ని విప్పి, అంచులు చిరిగిన కాగితాన్ని ఆమె ముందు పెట్టాడు. నర్సు పైకే చదవడం మొదలెట్టింది.

"దొరవారి ముందు నా ఇష్టపూర్వకంగా చెబుతున్నాను. రాతిగని వెనక గుహలో దాక్కున్న పదకొండుమంది పేర్లు ఇవి..."

పేర్లన్నీ మెట్ల దగ్గర బొమ్మల కింద ఉన్నవే. చివర సంతకం ముత్తాతది.

నర్సు పక్కనున్న పెట్టె మీద కూలబడింది. "మరి... దొంగతనం?" అంది.

"ఏ దొంగతనమూ లేదు. ఫొటో దించే అధికారం నాకు లేదమ్మా, కింద మాత్రం ఏదో ఒకటి రాయాలి. ఈ కాగితంలో ఉన్నది రాస్తే ఈ ఊళ్ళో మీ ఇంటిమీద ఒక్క పెంకు మిగలదు. అందుకని నేనే ఆయన్ని దొంగని చేశాను."

నర్సు కళ్ళు తుడుచుకుంది. "మేం మీకేమవుతామని ఇంత అబద్ధం మోస్తున్నారు?"

ముసలాయన కాగితం మీదికి వంగి, ఆ పదకొండు పేర్లలో మొదటిదాని మీద వేలుంచాడు.

"ఈయన మా తాత."