తప్పుల్లేని తెలుగు

“‘ద’కి ఒత్తు పెట్టినవాడు నిన్ను ఉద్యోగంలో పెడతాడా?”

చచ్చిన బొద్దింకని మీసం పట్టి ఎత్తినట్టు, విశ్వేశ్వరరావుగారు ఆ ఫోన్‌ని రెండు వేళ్లతో ఎత్తి స్నేహలతకి తిరిగిచ్చేశారు. అందులో ‘శుభవార్థ. ఇంటి వద్దే ఉధ్యోగం’ అని ఉంది.

ఆయన ఒక దినపత్రికలో ప్రూఫ్‌రీడర్‌గా చేసి రిటైరయ్యారు. చిక్కడపల్లిలో సొంతిల్లు. అశోక్‌నగర్ వైపు పక్క సందులోనే, గ్రూప్స్‌కి చదివే ఆడపిల్లల హాస్టల్. ఇంట్లో కూర్చుని టైపు చేస్తే చాలు, నెల తిరిగేసరికి జీతం అంటూ ఫోన్లకి వచ్చే సందేశాలన్నీ ఆ పిల్లలు తెచ్చి ఆయనకే చూపించేవారు. ఆయన ఒక్క చూపులో తేల్చేసేవారు. దొంగలంటే ఆయనకి అసహ్యం. వాళ్ల తెలుగంటే అంతకంటే అసహ్యం. ఆ తెలుగుని నమ్మి మోసపోయేవాళ్లంటే మరీను.

“తప్పు లేకుండా తెలుగు రాయగలిగినవాడు ఇలాంటి పాడుపనికి దిగడమ్మా. గుర్తుపెట్టుకో,” అనేవారు.

ఉద్యోగం ఇచ్చేవాడు ముందుగా మన దగ్గరే డబ్బు కట్టించుకుంటాడా, ఆ ఒక్కటీ చూసుకోమని చెప్పండి చాలు, అన్నారు ఓసారి వంటింట్లోంచి ఆయన భార్య కమలాకుమారిగారు. బీరకాయల బేరానికి పనికొచ్చే తెలివి వేరు, భాష తెలిసిన తెలివి వేరు అని ఆయన అక్కడికక్కడే కొట్టిపారేశారు.

స్నేహలతది జనగామ దగ్గర పల్లెటూరు. ఇక డబ్బు పంపడం మా వల్ల కాదని ఇంట్లో చెప్పేశారు. పరీక్ష దాకా హాస్టల్లో ఉండాలంటే ఏదో ఒక పని దొరకాలి. లేకపోతే పుస్తకాలు సర్దుకుని ఊరెళ్లాలి. వెళితే మళ్లీ రావడం ఉండదని ఆ పిల్లకి తెలుసు. అందుకే ఏ సందేశం వచ్చినా ఆశగా పట్టుకొచ్చేది. ఆయన కనికరం లేకుండా కొట్టేసేవారు.

“మీకెంతసేపూ అసలుదా, నకిలీదా అన్నదే కావాలి. ఆ నాగేందర్‌ని చూసి నేర్చుకోండి,” అని దెప్పేవారు కూడా.

నాగేందర్ నారాయణగూడలో రూము తీసుకుని ఉంటున్న కుర్రాడు. లైబ్రరీలో పరిచయమయ్యాడు. రోజూ ఓ సందేశం పంపేవాడు. నకిలీదని చెప్పగానే వదిలేసే రకం కాదు. “తప్పు ఏడున్నది సార్? మరి ఎట్ల రాయాలె?” అని అడిగేవాడు. ఈ కాలంలో అలా అడిగేవాడు దొరకడమే అపురూపం. విశ్వేశ్వరరావుగారు ఒత్తులు తీసి, దీర్ఘాలు పెట్టి, వాక్యాలకి నడక నేర్పి పంపేవారు. ఆ హాస్టల్ మొద్దులందరి కంటే వీడొక్కడు నయమని మురిసిపోయేవారు.

కొన్నాళ్లు స్నేహలత అటు రాలేదు. ఓ సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడింది. భుజానికి సంచీ ఉంది. ఊరెళ్లిపోతున్నానంది. ఇంట్లో చేసే పని ఒకటి దొరికిందని, వాళ్లు అడిగితే మెస్సుకి దాచుకున్నదంతా కట్టేశానని, కట్టిన దగ్గర్నుంచీ ఫోన్ ఎత్తడం లేదని చెప్పింది.

ఆయనకి జాలి కంటే ముందు కోపం వచ్చింది. చెవినిల్లు కట్టుకుని చెప్పినా బుర్రకెక్కనివాళ్లు మోసపోక ఏమవుతారన్నారు. ముందు తనకెందుకు చూపించలేదని నిలదీశారు.

“చూపెట్టనీకి ఏముంది సార్. మీరు చెప్పినట్లనే అక్షరం అక్షరం చూసిన. ఒక్క తప్పు లేదు. తప్పు లేకుండ రాసెటోడు మోసం చెయ్యడని మీరే అన్నరు గద,” అంది స్నేహలత.

ఆయన నమ్మలేదు. తప్పు కనిపించాలంటే కళ్లుండాలి అని వెటకారంగా నవ్వి, ఫోన్ లాక్కున్నారు. ఆ దొంగవెధవ ఎక్కడో ఓ చోట దొరక్కపోడని చదవడం మొదలుపెట్టారు.

‘ఇంటి నుంచే గౌరవప్రదమైన ఉద్యోగం. అర్హులకు సాదర ఆహ్వానం.’

ఆ తర్వాతి వాక్యాలు ఆయన ఫోన్ చూడకుండానే అప్పజెప్పగలరు, ఎందుకంటే అవి నాగేందర్‌కి ఆయన స్వయంగా దిద్ది పంపినవే.