నాయనమ్మ గొంతు

కెటిల్ జారి మరిగే నీళ్లు ముసలామె పాదం మీద పడ్డాయి. ఆమె పెదవి కొరుక్కుంది. కళ్లు చెమర్చాయి గాని నోట్లోంచి చిన్న మూలుగైనా రాలేదు.

“చూశావా నాన్నా! అబ్బా అనడానిక్కూడా లేదు నాయనమ్మకి!” ఎనిమిదేళ్ల యాతింగ్ బడిసంచి పడేసి, తడిగుడ్డ తెచ్చి పాదానికి చుట్టింది.

జియాన్‌మిన్ మొహం తిప్పుకున్నాడు.

“మా టీచర్ గొంతు డాక్టర్‌తో మాట్లాడింది. సాయంత్రం రమ్మన్నారు. నాయనమ్మని నువ్వే తీసుకెళ్లాలి.”

“ఇవాళ కుదరదమ్మా. రేపటికి కోట్లన్నీ కుట్టి పంపాలి.”

“ఎప్పుడూ ఇదే మాట! నీ గొంతే పోతే ఇలాగే ఊరుకుంటావా?”

“దీని నోరు చూడండి,” అంది వాళ్లమ్మ లీఫెన్ మురిపెంగా. శనివారం చైనీస్ బడిలో కూతురికి మొన్ననే మొదటి బహుమతి వచ్చింది. “బీజింగ్‌లో పుట్టిందా అని అడిగారు పంతులమ్మ. మన వెన్‌జౌ పల్లెటూరి యాస మచ్చుకైనా లేదట. ఇటలీలో ఈ ప్రాటో పట్నం మొత్తంలో ఏ పిల్లకుంది ఇలాంటి మాండరిన్ చైనీస్? ఊరి నుంచి ఫోనొస్తే తలుపేసుకుని మాట్లాడుకున్నాం. ఊరికే వస్తుందా?” అంటూ కింద కుట్టు మిషన్ల గదిలోకి దిగిపోయింది.

ముసలామె వేళ్లు ఆడించింది. మనవరాలు కూడా వేళ్లతోనే ఏదో జవాబిచ్చింది. ఆ సైగలు వాళ్లిద్దరూ కల్పించుకున్నవి, ఇంకెవరికీ తెలియవు.

“నొప్పి లేదంటోంది. అబద్ధాలకోరు! నాన్నా, అసలు నాయనమ్మకి మాట ఎప్పుడు పోయింది?”

జియాన్‌మిన్ నేలచూపులు చూశాడు. “నీకు మాటలొచ్చినప్పుడు.”

“అయితే నాకిచ్చేసిందన్నమాట! ఉండు నాయనమ్మా, డాక్టర్‌తో తిరిగి ఇప్పిస్తా.” ముసలామె బుగ్గన ముద్దుపెట్టి, సంచి తగిలించుకుని మెట్లు దిగింది.

నిజం చెప్పేయాలని అతనికి చాలాసార్లు అనిపించింది. చెప్పాక ఆ పిల్ల కళ్లలో తానెలా కనిపిస్తాడో ఊహించుకుని ప్రతిసారీ ఆగిపోయాడు. తల్లి ఒక్కనాడైనా నిష్ఠూరంగా చూసి ఉంటే బాగుండేది. ఆమె చూడదు. అదే అతన్ని కోస్తుంది.

కిటికీ దగ్గరికెళ్లి, వీధి మలుపులో ఎర్ర బడిసంచి కనుమరుగయ్యే దాకా నిలబడ్డాడు. వెనక కుర్చీ కిర్రుమంది. వెన్‌జౌ పల్లె యాసలో ముసలి గొంతొకటి మెల్లగా పలికింది.

“పిల్ల వెళ్లిపోయిందా నాయనా, ఇక మాట్లాడనా?”