పిచ్చిమొక్కల మూల

“బోర్డు కనిపించడం లేదా?” గద్దించింది టీచరమ్మ.

“లేదమ్మా,” అన్నాడు ముసలాయన నెమ్మదిగా.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ‘పూలు కోయరాదు’ అని ఇంతింత అక్షరాలతో, పార్కు కమిటీ కార్యదర్శిగా తనే దగ్గరుండి రాయించిన బోర్డది.

రిటైరై నాలుగేళ్ళయినా టీచరమ్మ గొంతులోంచి బెత్తం దిగలేదు.

పిల్లల్లేరు. భర్త పోయాడు. ఇంట్లో ఆమెను పలకరించేది ప్రెషర్ కుక్కర్ ఒక్కటే. అందుకే పొద్దున్నే వచ్చి పార్కులో ఈ మూల బెంచీ మీద కూర్చునేది. ఇక్కడ పిచ్చిమొక్కలు మోకాలెత్తు పెరిగి, విరగబూసి, సీతాకోకచిలుకల్ని రప్పించేవి. ఆ గంటసేపూ ఆమెకు ఒంటరితనం తెలిసేది కాదు.

ముసలాయన అప్పటికే మొక్కల్లో తలదూర్చి ఉండేవాడు. తలెత్తి ఆమె ముఖం చూసిన పాపాన పోలేదు. కానీ రోజూ ఒకటే ప్రశ్న.

“ఇవాళ ఏ రంగువి వచ్చాయమ్మా?”

“పసుపువి,” అనేది ముక్తసరిగా. మనసు బాగుంటే, “నల్లవి. రెక్కల మీద నీలం చుక్కలు,” అని ఇంకాస్త చెప్పేది. నిజం చెప్పాలంటే, రోజు మొత్తమ్మీద ఆమె సాటి మనిషితో ఆడే మాటలు అవే.

ఆ రోజు ఆయన చేతిలోని సంచీ కంటబడింది.

“పూలు కాదమ్మా, ఎండుకాయలు,” అంటూ ఒక కాయను చెవి దగ్గర గలగలలాడించాడు.

“కాయలైనా పార్కువే! రేపట్నుంచి మీరు రావద్దు.”

“అవునమ్మా, పార్కువే,” అని కంచె మీద చెయ్యి రాసుకుంటూ వెళ్ళిపోయాడు.

తోటమాలి పరుగున వచ్చాడు. “అమ్మా, ఆయన...”

“నాకు కథలు చెప్పకు. మళ్ళీ వస్తే గేటు దగ్గరే ఆపెయ్.”

ఆయన మళ్ళీ రాలేదు.

వానలు వచ్చాయి. ఆ మూల గడ్డి తప్ప ఏమీ మొలవలేదు. ఒక్క సీతాకోకచిలుకా రాలేదు. బెంచీ మీద ఆమె ఒక్కతే మిగిలింది.

“విత్తనాలు చల్లలేదేం?” తోటమాలి మీద విరుచుకుపడింది.

“నేనెప్పుడు చల్లానమ్మా? అవి ఏడాది బతికే మొక్కలు. రాలిన గింజ నా చీపురుకే పోతుంది. కాయలు ఏరేదీ, వానకు ముందు చల్లేదీ ఆయనే.”

“ముందే చెప్పి ఏడవొచ్చుగా!”

“కథలు చెప్పొద్దన్నారు.”

ఆయన చిరునామా అడిగి బయల్దేరింది. క్షమాపణ అడిగే అలవాటు లేని మనిషి, దారి పొడవునా ఆ ఒక్క మాటే వల్లెవేసుకుంది.

తలుపు తీసినావిడ ఆయన చెల్లెలు.

“అన్నయ్య పోయి రెండు నెలలైందండీ. మీరెవరు?”

“పార్కులో... రోజూ ఆ బెంచీ మీద కూర్చునేదాన్ని.”

చెల్లెలి ముఖం విప్పారింది.

“రంగులు చెప్పే అమ్మగారా! రండి, లోపలికి రండి. చూపు పోయిన ఈ పదేళ్ళలో అన్నయ్య కళ్ళారా చూసినవి, మీరు చూపించిన ఆ సీతాకోకచిలుకలేనమ్మా.”