మూలమీద ఇల్లు

“మళ్ళీ వచ్చావా? నా జవాబు మారలేదు,” అన్నాడు మేస్త్రి తలుపు తీస్తూనే.

“నా ప్రశ్న కూడా మారలేదు,” అంది ఇంజనీరు చెప్పులు విడుస్తూ.

మున్సిపాలిటీ కొత్తగా బడి కట్టబోయే స్థలంలో ఒక మూల ఆయన ఇల్లు అడ్డంగా ఉంది. రెండు గదులు, ముందొక అరుగు. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ గోడలు కట్టిన తాపీమేస్త్రి తన కోసం కట్టుకున్నది అదొక్కటే. భార్య పోయాక అందులో ఒక్కడే ఉంటున్నాడు. పరిహారం ఇస్తామన్నా ససేమిరా అన్నాడు.

ఆయన్ని ఒప్పించే పని ఇంజనీరు మీద పడింది. బడి ఖర్చు హద్దు దాటకుండా చూడటమూ ఆమె పనే. మొదటి మీటింగులోనే చైర్మన్ తేల్చి చెప్పాడు: “పన్నెండు గదులు కావాలి. పదకొండంటే ఒప్పుకోను. ఎస్టిమేటు దాటినా ఒప్పుకోను. ఎక్కడ తగ్గిస్తారో మీ ఇష్టం మేడమ్.”

ఆమె పోర్టికో తీసేసింది. గోడలకు అంటించే రాతిపలకలు తీసేసింది. అయినా లెక్క దిగిరాలేదు. ఆ సంగతి మాటల్లో వచ్చేసరికి మేస్త్రి చెయ్యి చాపాడు.

“ఏదీ, ఆ ప్లానిలా తే.”

మంచం మీద పరిచి, కళ్ళజోడు సర్దుకుని, గీతల వెంబడి వేలు నడిపించాడు.

“కిటికీలు ఇన్ని కొలతలెందుకమ్మాయ్? అన్నిటికీ ఒకటే పెట్టు, వడ్రంగి పని తేలికవుతుంది. టాయిలెట్లు ఈ కొసనొకటి, ఆ కొసనొకటి ఏంటి? ఒకే గోడకి అటూ ఇటూ పెడితే ఒక్క పైపులైను సరిపోదూ? నీకు కాలేజీలో ఏం నేర్పారసలు?”

“ఇవి తప్ప అన్నీ నేర్పారు.”

ఆయన పగలబడి నవ్వాడు. వచ్చిన పని మాత్రం కాలేదు. “వచ్చే మంగళవారం వస్తాను,” అని చెప్పి ఆమె లేచింది.

ఆ తర్వాత ప్రతి మంగళవారం నాలుగింటికల్లా ఆయన రెండు గ్లాసుల్లో టీ పోసి ఉంచేవాడు.

ఆమె ఆ ఊరికి బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలు. ఆఫీసులో అందరికీ ‘మేడమ్’. అద్దె గదిలో ఆదివారమంతా నోరు విప్పే పని ఉండదు. సోమవారం పొద్దున ఆఫీసులో మొదటి మాట అనబోతే గొంతు బొంగురుగా వచ్చేది. తనను ‘అమ్మాయ్’ అని పిలిచేది ఆ మేస్త్రి ఒక్కడే.

నాలుగో వారం ఆమె బయల్దేరుతుంటే అటెండరు నవ్వాడు.

“ఎన్నిసార్లు తిరుగుతారు మేడమ్? ఆ పెద్దాయనకి కావాల్సింది ఇల్లు కాదు, మాట్లాడే మనిషి. సంతకం పెట్టేస్తే మీరిక రారని బెట్టు చేస్తున్నాడు.”

ఆమె సంచి భుజాన వేసుకుంది.

ఆ మరుసటి వారం మేస్త్రి ప్లాను మీద ఒకచోట వేలు ఆపేశాడు. “ఈ మెట్లు తెచ్చి నా నెత్తిన పెట్టారేంటి? అటుపక్క నేల గట్టిది. అటు కడితే పునాది లోతు తగ్గుతుంది.”

“అటు కడితే మీ ఇల్లు అక్కర్లేదు. అదేగా మీ ఎత్తు?”

“ఎత్తే. అయినా నిజం నిజమే.”

ఆమె నవ్వి, పుస్తకంలో రాసుకుంది.

వారాలు గడిచాయి. ప్లాను గురించి మాటలు తగ్గి వేరే కబుర్లు పెరిగాయి. సున్నం వాసన పడక భార్య ఆయన పనిబట్టలు విడిగా ఉతికేదని ఆయన చెప్పాడు. చిన్నప్పుడు నాన్న తనను స్కేలుతో గీతలు కొట్టడానికి కూర్చోబెట్టుకునేవాడని ఆమె చెప్పింది. లేవబోయే ముందు మాత్రం ఆయన తప్పకుండా అడిగేవాడు.

“మీ చైర్మన్ ఏమంటున్నాడు?”

“తొందరపెడుతున్నాడు.”

“పెట్టనీ.”

పద్నాలుగో మంగళవారం ఆమె వెళ్ళేసరికి అరుగు మీద తాళ్ళతో కట్టిన రెండు పెట్టెలు కనిపించాయి. లోపల గోడలకు ఫోటోలు లేవు.

“కూర్చో అమ్మాయ్. ఆ కాగితమేదో ఇలా తే, సంతకం పెట్టేస్తా.”

ఆమె నిలబడే ఉంది. “ఇంత హఠాత్తుగా ఏంటండీ?”

“హఠాత్తేం కాదు. ఇన్నాళ్ళూ ఆ గదులన్నీ నీతో కూర్చుని చూశాక, పిల్లలకి నేనొక్కణ్ణే అడ్డమని తెలిసొచ్చింది. మా చెల్లెలు ఏడాది నుంచి పోరుతోంది, వచ్చి మాతో ఉండన్నయ్యా అని. శుక్రవారం మేనల్లుడు బండి తెస్తాడు.”

“మీకు ఎవరూ లేరనుకున్నాను.”

“ఎందుకు లేరూ! రోజూ రెండుపూటలా ఫోను చేస్తారు. కట్టుకున్న ఇల్లు కదా, నేనే కదల్లేకపోయాను.”

ఆమె సంచిలో చెయ్యి పెట్టి చాలాసేపు వెతికింది.

“ఫారం ఆఫీసులో మర్చిపోయానండీ.”

“నువ్వు? మర్చిపోవడమే?”

“వచ్చే మంగళవారం తెస్తాను. అప్పటిదాకా వెళ్ళకండి.”

మేస్త్రి ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. “సరేలే. నీ పని చెడగొడతానా? బండి ఇప్పుడే వద్దని మావాడికి చెబుతా. ముందు టీ తాగు.”

ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తాగింది.

మెట్లు అటుపక్కకి మార్చి, ఆయన ఇల్లు అక్కర్లేదని కౌన్సిల్ తీర్మానించి అప్పటికి ఆరు వారాలయింది.