కంకర దారి రుసుము

చెరువుకు వెళ్లే మెత్తటి దారిని ఏనుగు తొక్కి తొక్కి గుంతలు చేసింది. దాన్ని బాగు చేయడానికి వీపున మోత ఉన్న ప్రతి జీవీ ఏటా ఓ చిగురాకు కట్టాలని అడవి పెద్దలు తీర్మానించారు. ఎండలు ముదిరేలోగా పిల్లల్ని నీటికి చేర్చాలని నత్తమ్మ ఆరాటం. అందుకే వాళ్ల నోటిదగ్గరి ఆకు తీసి, తన వీపుమీది గుల్లకుగాను అందరికంటే ముందే కట్టేసింది.

దారి పడింది. అంతా కంకర, ఎండకు నిప్పులా కాలుతోంది.

"దీనిమీద పాకితే నా పిల్లలు మాడిపోరా, తొండన్నా?"

"ఏనుగు దొరవారి బరువుకు కంకరైతేనే ఆగుతుంది చెల్లెమ్మా," అంది ఆకులు వసూలు చేసే తొండ, తలాడిస్తూ.

"ఆయనెన్ని ఆకులు కట్టారు?"

"వారి వీపు ఖాళీ కదమ్మా!"

"అమ్మా, మన ఆకుతో వేసిన దారేదీ?" అంది చిన్నపిల్ల.

"అదిగో, ఏనుగు పోతోందే, అదే తల్లీ," అంటూ నత్తమ్మ పిల్లల్ని ముళ్లకంపల్లోకి మళ్లించింది.