పికప్ బండి వారసుడు

"ఆ కుడి తలుపు కంపెనీది కాదండీ. సుద్దగీత చెరిపేయండి."

గేటు దగ్గర నిలబడిన మనిషి, అడక్కుండానే అన్న మాట ఇది.

కొడుకు చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

తండ్రి పోయాక ఆ పాత పికప్ బండి అతని చేతికొచ్చింది. పాత బండ్ల ప్రదర్శనలో పెట్టాలని ముచ్చటపడ్డాడు. ఏ భాగాలు కంపెనీవో, ఏవి మార్చినవో చెప్పమన్నారు ప్రదర్శనవాళ్లు. కంపెనీవి అనుకున్న వాటి మీద పొద్దుటి నుంచి గీతలు పెడుతున్నాడు. సగం ఊహే. తండ్రి అతన్ని ఏనాడూ ఆ బండి దరిదాపులకు రానివ్వలేదు. ఆదివారాలు షెడ్డుకు పోతూ, "నీకెందుకురా ఈ గ్రీజు, పోయి చదువుకో" అనేవాడు.

వచ్చినవాడు బస్సు డ్రైవరట. అతనిదీ కొడుకుదీ ఒకటే ఈడు. చావు కబురు ఆలస్యంగా తెలిసి, చూసిపోదామని వచ్చాడట.

మాట్లాడుతూనే బండి చుట్టూ తిరిగాడు. బానెట్ తట్టి, ఇది కంపెనీదే అన్నాడు. రేడియేటరు వేరే బండిదట. వెనక తొట్టి రేకు ఓ ఆదివారం షెడ్డులో ఆయనా తనూ కలిసి అతికించిందట.

ఒక్కో "అట"కీ కొడుకు కడుపుమంట ఒక్కో మెట్టు ఎక్కింది.

"గేరు రాడ్డు మీది చెక్క గుండు?" అన్నాడు, ఇదైనా తెలియకపోతే బాగుండునని. తండ్రి చేత్తో చెక్కాడనుకుని రోజూ దాన్ని నిమురుకుంటున్నాడు మరి.

"అది నేను చెక్కిందే. బాగుందిరా చిన్నోడా అని ఆయన అప్పుడే బిగించేశారు."

చిన్నోడట! కన్న కొడుకును ముద్దుపేరుతో పిలిచిన పాపాన పోలేదు ఆ మహానుభావుడు.

కొడుకు ముందువైపుకు వెళ్లి బంపర్‌ను కాలితో తన్నాడు. "మరి ఇదో?"

డ్రైవరు దానివంక కాసేపు చూశాడు.

"మార్చిందేనండీ. ఎందుకు మార్చారో మాత్రం నాకు తెలియదు."

హమ్మయ్య, వీడికి తెలియనిదీ ఒకటుంది. కొడుక్కి ప్రాణం లేచొచ్చింది. దాంతో నోరూ లేచింది.

"మీకు నాన్న లేడా? మా నాన్నను పట్టుకుని వేలాడారేం?"

"చిన్నప్పుడే పోయారండీ."

చేతులు దులుపుకుని, వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. కాసిని మంచినీళ్లు తాగి వెళ్లమని కూడా కొడుకు అనలేదు.

లోపలి నుంచి తల్లి వచ్చింది. ఎవరొచ్చారని అడిగింది.

ఎవడో బస్సు డ్రైవరని, నాన్నకు కుడిభుజం తనేనన్నట్టు కోతలు కోశాడని, ముందు బంపర్ దగ్గరికొచ్చేసరికి తెల్లమొహం వేశాడని కొడుకు ఒక్క గుక్కలో కక్కేశాడు.

తల్లి ఒక్క ఉదుటున గేటు దాకా పోయింది. వీధి ఖాళీగా ఉంది.

"వాడికి తెలియకపోవడమేంట్రా?" అంది వెనక్కి తిరక్కుండానే. "మీ నాన్న ఈ బండితో గుద్దింది వాళ్ల నాన్ననే."