మూడో నంబరు సీసా

"ఆ కాగితం మీద సంతకం పెట్టకే. నా మాట విను, ఏదో ఒకటి మీదికొస్తుంది."

పొద్దుటినుంచి తల్లి ఆ మాట అనడం నాలుగోసారి. కూతురు తలెత్తలేదు. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్, దాని పక్కన రిపోర్టు, దాని మీద మూత తీసిన పెన్ను.

"అమ్మా, ఆరేళ్ళు బురదలో దిగి పరీక్షలకి నీళ్ళు పట్టాను. రిపోర్టులు నేను రాస్తే సంతకాలు పెద్దసారు పెట్టారు. నా పేరుతో వెళ్ళే మొదటి రిపోర్టు ఇది. ఇవాళ సంతకం పెడితే రేపట్నుంచి ప్రాజెక్టు ఇంజినీరుని."

"పెట్టకపోతే?"

"ఇంకో ఆరేళ్ళు బురద."

పేపరు చదువుతున్న తండ్రి నవ్వాడు. "మీ అమ్మ సంగతి తెలిసిందేగా. గొడుగు తీసుకెళ్తే పిడుగు పడుతుందంటుంది, వదిలేసి వెళ్తే జలుబు చేస్తుందంటుంది."

"మీరు ఊరుకోండి. ఆ బ్యాటరీల ఫ్యాక్టరీ వాళ్ళు ఊరుకుంటారా? కొండతో ఢీకొంటే పగిలేది మన తలకాయే."

"తప్పు చేసింది వాళ్ళే కదమ్మా. ఫ్యాక్టరీ చుట్టూ ఐదు బోర్లలో నీళ్ళు పట్టాను. నాలుగు బాగానే ఉన్నాయి. గోడ పక్క బోరుది, మూడో నంబరు సీసాలో మాత్రం సీసం ఉంది. ఉండదగ్గ దానికి పదిహేను రెట్లు."

తల్లి చేతిలో గరిటె ఆగింది.

"మూడోదా? సరిగ్గా చూశారా?"

"ల్యాబు వాళ్ళు రెండుసార్లు చూశారు."

"అది... ఒంట్లోకి వెళ్తే ఏమవుతుంది?"

"రంగుండదు, వాసనుండదు, తాగితే తేడా తెలియదు. మరగబెట్టినా పోదు. పెద్దవాళ్ళకి కడుపునొప్పి, బీపీ. పసిపిల్లలకైతే మెదడు మీదే దెబ్బ. ఆ బోరు నీళ్ళు తాగే ఇళ్ళల్లో మన బుజ్జిదాని ఈడు పిల్లలు ఎంతమంది ఉన్నారో! అందుకే ఈ సంతకం."

తల్లి గరిటె పక్కన పెట్టేసింది. "ఇంకోసారి పట్టుకొచ్చి చూడకూడదూ?"

"నీకు తృప్తిగా ఉండేదాకా పట్టాలంటే ఆ బోరు ఎండిపోతుంది."

ఫోను మోగింది. పెద్దసారు. కూతురు స్పీకరు పెట్టింది.

"అమ్మాయ్, మొత్తం రిపోర్టు నీ మూడో సీసా మీదే నిలబడింది. ఫ్యాక్టరీ లాయరు ముందుగా అడిగేది ఒక్కటే. బోరు దగ్గర్నుంచి ల్యాబు దాకా ఆ సీసా ఎవరెవరి చేతుల్లో ఉంది? ఆ ఫారం నింపావా?"

"నింపాను సార్. ఆదివారం ల్యాబుకి సెలవు కాబట్టి ఒక్కరోజు మా ఇంటి ఫ్రిజ్‌లో ఉంది. నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు."

"ఇంట్లోవాళ్ళని అడిగావా?"

"మావాళ్ళు అలాంటివాళ్ళు కాదు సా..."

"అడుగు. ఆ తర్వాతే సంతకం. నేను లైన్లోనే ఉంటాను."

కూతురు నవ్వుకుంటూ తండ్రి వైపు తిరిగింది.

"నేను ఫ్రిజ్ తలుపు తీసేది ఐస్‌క్రీము కోసమే. అదీ మీ అమ్మ చూడనప్పుడు," అన్నాడాయన.

"నువ్వమ్మా?"

తల్లి చూపు వంటింటి గుమ్మం వైపు ఉంది.

"అమ్మా, నిన్నే."

వంటింటి గుమ్మంలో మనవరాలు బుజ్జిది రెండు చేతులతో గ్లాసెత్తి గటగటా తాగుతోంది. తల్లి ఒక్క అంగలో వెళ్ళి ఆ గ్లాసు లాగేసింది. నీళ్ళన్నీ నేల పాలయ్యాయి. పిల్ల ఏడుపందుకుంది. ఫోనులో పెద్దసారు "హలో, హలో" అంటున్నాడు. కూతురి మొహంలో నవ్వు చెరిగిపోయింది.

"ఆ సీసా ముట్టుకున్నావా?"

తండ్రి పేపరు దించాడు. పిల్ల ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. తల్లి కొంగుతో పిల్ల మూతి తుడిచింది, మళ్ళీ తుడిచింది, ఇంకోసారి తుడిచింది.

"ఫ్రిజ్ తుడుస్తుంటే చెయ్యి తగిలి మూత ఊడి మొత్తం ఒలికిపోయిందే. నీ ఉద్యోగం ఎక్కడ పోతుందోనని భయమేసి... మన కుళాయి నీళ్ళు పట్టి పెట్టాను."